పేరుకున్న నెయ్యి కరుగుతుంది కదా, ఉడికిన గుడ్డు ఎందుకు కరగదు?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట): డిసెంబరు ఉదయం సీసాలో పేరుకున్న నెయ్యి పొయ్యి పక్కన పెట్టగానే కరిగిపోయింది, అదే పొయ్యి మీద గుడ్డు మాత్రం గట్టిపడి, చల్లారినా మళ్ళీ జారుగా మారలేదు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కారణం అడిగితే చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (విజయవాడ, జీవశాస్త్ర అధ్యాపకుడు): నెయ్యిలోని కొవ్వు అణువులు చల్లదనానికి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి, వేడికి విడిపోతాయి, అంతే. తెల్లసొనలో ప్రధానమైన ఓవాల్బుమిన్ అనే ప్రోటీన్ అలా కాదు. అది 385 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చుకుని, ఒక నిర్దిష్టమైన ఆకృతిలో మడతపడిన గొలుసు. వేడికి ఆ మడతలు విడి, పక్క గొలుసులతో చిక్కుపడి, మధ్యలో నీటిని పట్టి ఉంచే వలగా మారుతుంది. గొలుసు మాత్రం తెగదు. దానిని తెంచే పని మన జీర్ణరసాలది.

ప్రశ్న అడిగినవారు: అయితే విడిన మడత ఏ ప్రోటీన్‌లోనూ తిరిగి పడదా?

జవాబు (గుంటూరు, పరిశోధక విద్యార్థిని): పడుతుందండీ. 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్‌ను రసాయనాలతో విప్పి, ఆపై వాటిని తొలగిస్తే అది తనంతట తానే పూర్వరూపానికి వచ్చిందని క్రిస్టియన్ అన్ఫిన్సెన్ చూపారు. 1972లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు. తెల్లసొనలో గొలుసులు కిక్కిరిసి ఉంటాయి కనుక, తమలో తాము మడతపడేలోపే ఒకదానినొకటి పెనవేసుకుంటాయి.