తేనెటీగల పెట్టెలో రాణి గుడ్లు నిండా పెడుతోంది, పురుగుల గదులకు మైనం మూతలు పడేసరికి పట్టంతా ఖాళీలే. ఏం చేయాలి?

పెట్టెలవాడు: పొద్దున్నుంచి ఫ్రేములు తిరగేసి నడుం విరిగింది. మెల్లిఫెరా జాతి తేనెటీగల పెట్టెలు. గదికో గుడ్డు, సరిగ్గా అడుగునే ఉంది. మూతలు పడేనాటికి మధ్యమధ్య గదులు ఖాళీ. చచ్చిన పురుగు లేదు, కంపు లేదు. పుప్పొడి బాగానే వస్తోంది, పంచదార పాకం పెడుతున్నా. రెండు రకాల మందులు కూడా అయిపోయాయి. ఎవరికైనా తెలిస్తే చెప్పండి బాబూ, విసుగొచ్చేసింది.

రెండోఅంతస్తు: డ్రోన్ లేయర్. రాణిని మార్చెయ్.

జోడుజన్యువు: డ్రోన్ లేయర్ అంటే వీర్యం నిల్వ అయిపోయిన రాణి. ఫలదీకరణ కాని గుడ్డులో 16 క్రోమోజోములే ఉంటాయి, అది పోతుటీగ, అంటే మగది అవుతుంది. కూలి ఈగ (పనులు చేసే ఆడ ఈగ) గదిలో అది పెరిగితే మూత బుడిపెలా ఉబ్బుతుంది. ఈయనకు ఉన్నవి ఖాళీలు. మూతలు చదునుగా ఉన్నాయా? రాణులు ఎక్కడివి?

పెట్టెలవాడు: చదునుగానే ఉన్నాయి. రాణులు మనవే. బాగా తేనె ఇచ్చిన పెట్టెలోంచే ఏటా అన్నీ తీస్తా. అందరూ చేసేదే కదా.

జోడుజన్యువు: ఆ ముక్క ముందే రాయాల్సింది. ఆడో మగో తేల్చేది సీఎస్‌డీ అనే జన్యువు, దాన్ని 2003లో గుర్తించారు. అందులో రెండు వేర్వేరు రకాలు కలిస్తే ఆడ. ఒక్కటే ఉంటే మగ. ఒకే రకం రెండుసార్లు వచ్చినా మగే, కాకపోతే 32 క్రోమోజోముల మగ. గుడ్డు పగిలి బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే కూలి ఈగలు ఆ పురుగును పసిగట్టి తినేస్తాయి. మీకు శవం దొరకనిది అందుకే.

రాణితో జతకట్టిన పోతుటీగకు రాణికున్న రకమే ఉంటే, దాని వీర్యంతో పెట్టిన గుడ్లలో సగం పోతాయి. 12 పోతుల్లో 3 అలాంటివైతే మొత్తం మీద 12.5 శాతం. కూతురు రాణులన్నీ తల్లి పెట్టె పోతులతోనే కలిస్తే 25 దాకా వెళ్తుంది.

మూతలు పడ్డ పట్టులో పక్కపక్కన 10 గదులు, 10 వరసలు తీసుకుని ఖాళీలు లెక్కపెట్టండి. ఫ్రేము తీగ వెళ్లిన చోట వద్దు. 10లోపైతే కంగారు లేదు.

చీమలపుట్ట: ఇది తేనెటీగల కథ ఒక్కటే కాదండీ. వైటింగ్ అనే శాస్త్రవేత్త 1943లో ఈ పద్ధతిని తేల్చింది బ్రాకాన్ కందిరీగలో. మన కొబ్బరి తోటల్లో నల్లతల పురుగు మీద వదిలేది అదే. ల్యాబులో ఒకే సంతతిని తరతరాలుగా పెంచితే మగవి పెరిగిపోతాయి, అవి పురుగు మీద గుడ్డు పెట్టవు, వదిలినా దండగ. కొత్త సంతతి కలుపుతూ ఉండాలి. అలాగని కందిరీగలన్నీ ఇంతే అనుకోకండి. నేసోనియా అనే కందిరీగలో ఈ జన్యువు పద్ధతే లేదు, అన్నాచెల్లెళ్లు కలిసినా దానికేం కాదు.

రెండోఅంతస్తు: ఆయనకున్నవి తేనెటీగలు.

పెట్టెలవాడు: ఒక పెట్టెలో 27, ఇంకోదాంట్లో 22. రోగం కాదని ఎలా నమ్మాలి?

జోడుజన్యువు: రాణిని ఖాళీ పట్టు మీద ఎక్స్‌క్లూడర్ పంజరంలో (కూలి ఈగలు దూరతాయి, రాణి దూరలేదు) ఒక రోజు ఉంచి తీసేయండి. మూడో రోజు లోపు గుడ్లకు ఫోటో, ఐదో రోజు అదే చోట ఇంకో ఫోటో. గుడ్లు నిండుగా ఉండి, అవి పగిలి పురుగులు రాగానే గదులు ఖాళీ అయితే ఇదే. శాక్‌బ్రూడ్ రోగంలో పురుగు పెద్దదయ్యాక నీళ్ల సంచిలా మారి చస్తుంది. యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ రోగంలో మెలితిరిగి పసుపురంగుకు వస్తుంది. రెండింట్లోనూ కంటికి కనిపిస్తుంది.

రెండోఅంతస్తు: రాణిని మార్చమనే కదా నేనూ అన్నది.

జోడుజన్యువు: అదే తల్లి కూతుర్ని పెడితే మళ్లీ ఇదే పాట. బంధుత్వం లేని పెట్టెలోంచి గుడ్లు, ఒక రోజు పురుగులు ఉన్న ఫ్రేము తెచ్చి, రాణి లేని పెట్టెలో పెట్టండి. ఆ పెట్టెలో సొంత గుడ్లు, లేత పురుగులు ఉండకూడదు. ఐదో రోజు మిగతా ఫ్రేములు చూసి, వాటి మీద రాణి గదులు కడితే గిల్లేయండి. కొత్త రాణి మీ పోతులతో కలిసినా ఫరవాలేదు, రకాలు చాలావరకు వేరుగా ఉంటాయి. వచ్చే ఏడాది నుంచి మూడు నాలుగు తల్లుల నుంచి తీయండి. మందులు ఆపేయండి, తేనెలోకి దిగుతాయి.

పెట్టెలవాడు: సరే అన్నా, థ్యాంక్స్. పక్క మండలంలో ఒకాయన దగ్గర అడుగుతా.

కుండతేనె: కుట్టని తేనెటీగల్లోనూ ఇదే పద్ధతా? మా కుండలో మగవి మరీ ఎక్కువగా కనిపిస్తున్నాయి.