బూస్ట్ 0.4 దగ్గరే ఆగిపోతోంది (1.8 టర్బో ఆక్టేవియా, చిప్ ట్యూన్)

పాతబండి (హైదరాబాద్):
అన్నలూ, తల పట్టుకుని కూర్చున్నా. బండి 2006 ఆక్టేవియా, 1.8 టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్. చిప్ ట్యూన్ చేయించి రెండేళ్లయింది, 1 బార్ దాకా బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నొక్కే గాలి ఒత్తిడి) వచ్చేది. పోయిన నెల గాలి ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే రబ్బరు పైపు పగిలింది. దాని బదులు లావుపాటి సిలికాన్ పైపు తెప్పించి, ఆదివారం పొద్దంతా ఇంటి ముందు కూర్చుని నేనే బిగించా. అప్పట్నుంచి ఆటోలతో పోటీ పడుతున్నా. ఔటర్ మీద మూడో గేర్లో పూర్తిగా తొక్కినా గేజీ ముల్లు 0.4 దాటదు. పొగ లేదు, ఈలా లేదు.

డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఒత్తిడిని వెనక్కి వదిలేది) విప్పి నోటితో పీల్చి చూశా, లోపలి పొర (డయాఫ్రమ్) బాగానే ఉంది. ఒక గ్యారేజీలో బానెట్ కూడా ఎత్తకుండానే "టర్బో పోయింది సార్" అన్నాడు. షాఫ్ట్ పట్టుకుని ఊపితే లూజు లేదు మరి! కేబుల్, ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఏం చూడమంటారు?

సబ్బునీళ్లు:
ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు ఎక్కడో జారి ఉంటుంది. పీవీసీ మూతకి పంక్చర్ షాపులో ట్యూబ్ వాల్వ్ పెట్టించి, ఫిల్టర్ వైపు మూసి, 15 పీఎస్ఐ మించకుండా గాలి కొట్టు. జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలే చెప్తాయి.

గ్రీజుచేతులు (వైజాగ్):
ఆ పరీక్ష ఎలాగూ చెయ్యి, కానీ నాకు లీకు అనిపించట్లేదు. లీకైతే బుస్సుమని చప్పుడొస్తుంది, ఆర్‌పీఎంతో పాటు అంకె మారుతుంది. నీకు 3,000 దగ్గరా 5,000 దగ్గరా అదే 0.4 వస్తోందా? అలాగైతే అది వేస్ట్‌గేట్ (బూస్టు ఎక్కువైతే తెరుచుకుని, టర్బోని తిప్పే పొగని పక్కకి వదిలే గేటు) స్ప్రింగ్ ఒత్తిడి. అంటే కంప్యూటర్ మాట టర్బో దాకా చేరట్లేదు.

కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్‌లో 115 గ్రూపు తెరిచి, కంప్యూటర్ అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు రెండూ చూడు. 118లో ఎన్75 (కంప్యూటర్ మాట మీద వేస్ట్‌గేట్‌ని నడిపే వాల్వ్) డ్యూటీ, అంటే దాన్ని ఎంత శాతం సేపు పని చేయిస్తోందో చూడు. ఆ మిల్లీబార్లలో బయటి గాలి కూడా కలిసి ఉంటుంది. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో పెడితే మా వైజాగ్‌లో 1,010 దాకా చూపిస్తుంది, మీ ఊరు ఎత్తులో ఉంది కాబట్టి 950. అది తీసేసి లెక్క కట్టు.

పాతబండి:
అడిగింది 2,000, వచ్చింది 1,360. అంటే 0.41. 3,000లోనూ 5,000లోనూ అంతే. ఎన్75 డ్యూటీ 95 శాతం.

స్పీడ్‌బాబు:
వేస్ట్‌గేట్ గొట్టం పీకేసి తొక్కు బ్రో, తేలిపోతుంది.

గ్రీజుచేతులు:
ఆ పని చెయ్యకు తమ్ముడూ. గేటు తెరుచుకోదు, బూస్టుకి అడ్డే ఉండదు, పిస్టన్లు పోతాయి.

ఎన్75 పనేంటంటే, వేస్ట్‌గేట్‌కి వెళ్లే గాలిలో కొంత దారి మళ్లించి ఇన్‌టేక్ పైపులోకి వదలడం. అప్పుడే గేటు మూసుకుని ఉండి బూస్టు పెరుగుతుంది. 95 శాతం అంటే "అంతా వదిలెయ్" అని కంప్యూటర్ మొత్తుకుంటోంది, గాలి మాత్రం బయటికి పోవట్లేదు. నువ్వు మార్చిన పైపులోకే ఆ గొట్టం వెళ్తుంది. పైపు వైపు కొస పీకి బయటికి వదిలి, ఆ నాజిల్‌కి మూత పెట్టి, గేజీ మీద కన్నేసి ఒక రౌండు వెయ్.

పాతబండి:
అన్నా, దొరికింది! కొస పీకి నడిపితే ముల్లు 1 దాకా లేచింది. సిలికాన్ పైపు నాజిల్‌లోకి టార్చి కొట్టి చూస్తే లోపల పల్చటి సిలికాన్ పొర అలాగే ఉంది, బెజ్జమే పడలేదు. బ్లేడుతో కోసేశా. ఇప్పుడు 1,980. కానీ 5,500 దాటాక 0.7కి పడుతోంది, ఇదీ నా నిర్వాకమేనా?

గ్రీజుచేతులు:
కాదు. నీ బండిలోని కే03 చిన్న టర్బో, పై ఆర్‌పీఎంలో ఊపిరి అందదు. ఆ కోసిన ముక్క లోపల పడలేదు కదా?

పాతబండి:
పైపు విప్పే కోశా. ముక్క జేబులో ఉంది.