పరంగి సాంబ్రాణి: కీళ్లనొప్పికి మందా, వట్టి పొగా?

మోకాటిచిప్ప:
మోకాళ్లు అరిగాయన్నారు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. పరంగి సాంబ్రాణి, అదే ఫ్రాంకిన్సెన్స్ అనే చెట్టు జిగురు, మంచిదని అందరూ అంటున్నారు గానీ ఒకరు క్యాప్సూల్ అంటారు, ఒకరు నూనె రాయమంటారు, ఇంకొకరు పొగ పట్టమంటారు. ఇంతకీ ఇది మందేనా?

తాళపత్రం:
మందేనా అని అడుగుతున్నారా! ఈజిప్టువాళ్ల వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్ క్రీ.పూ. 1550 నాటిది, అందులోనే ఉంది. పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా రాశాడు. చైనా వైద్యులు దెబ్బల వాపులకి బోళంతో కలిపి ఇప్పటికీ ఇస్తారు. ఆయుర్వేదంలో ఇదే జాతి అందుగ చెట్టు జిగురు, శల్లకి పేరుతో. ఇన్ని వైద్యాలు ఒకే జిగురు దగ్గరికి ఊరికే వచ్చాయా?

పరీక్షనాళిక:
తాళపత్రం గారూ, రోమన్ ప్లినీ దీన్ని హెమ్లాక్ విషానికి విరుగుడన్నాడు. నమ్మి తాగుతారా? పాతదైనంత మాత్రాన పనిచేస్తుందని కాదు, వెతకాల్సిన చోటు అదని మాత్రమే.

వెతికారు కూడా. ఈ జిగురులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు వాపు పుట్టించే 5-లిపాక్సిజినేజ్ అనే ఎంజైముకి అడ్డుపడతాయని 1990లలో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు చూపించారు. మామూలు నొప్పి మాత్రలు పట్టుకునేది వేరే ఎంజైముని. 2003లో నాగపూర్‌లో 30 మంది మోకాళ్ల రోగులకి ఎనిమిది వారాలు ఇచ్చి, తర్వాత మందునీ, మందు లేని ఉత్తి మాత్రనీ అటూ ఇటూ మార్చి చూశారు. నొప్పి తగ్గింది, మోకాలు బాగా వంగింది. ఎక్స్‌రేలో మాత్రం ఏ మార్పూ లేదు. అంటే అరిగింది అరిగినట్టే ఉంది. వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2014 సమీక్షలో గాఢత పెంచిన ఎక్స్‌ట్రాక్టు తీసుకున్నవాళ్లకి, ఉత్తి మాత్ర వాళ్లకన్నా నూరు పాయింట్ల కొలత మీద నొప్పి 17 పాయింట్లు తక్కువ. అయితే అది రెండే ట్రయల్స్, మొత్తం 85 మంది.

తాళపత్రం:
85 మందేనని మీరే ఎత్తిపొడుస్తారు. పేటెంటు రాని జిగురు మీద డబ్బు పెట్టేదెవరండీ?

పరీక్షనాళిక:
జిగురుకి రాదు, ఎక్స్‌ట్రాక్టుకి వస్తుంది, వచ్చింది కూడా. కొన్ని ట్రయల్స్‌కి డబ్బు పెట్టిందీ ఆ తయారీదారులే. అందుకే నాకు అనుమానం పూర్తిగా పోదు. పేగుల జబ్బు క్రోన్స్‌నే చూడండి. 2001లో ఆ జబ్బుకి మామూలుగా ఇచ్చే మెసలజీన్‌కి తీసిపోదన్నారు. 2011లో, జబ్బు తిరగబెట్టకుండా ఆపుతుందా అని ఉత్తి మాత్ర పక్కన పెట్టి చూస్తే తేడానే లేదు.

అత్తరుసీసా:
మీ గొడవ మీది. నేను నూనె వాడతాను, బోస్వెల్లిక్ ఆమ్లాలు పుష్కలం అని సీసా మీదే రాసుంది.

పరీక్షనాళిక:
సీసాని నమ్మకండి. నూనె తీసేది జిగురు ముక్కల్లోంచి ఆవిరి పోనిచ్చి. దాంతోపాటు పైకి లేచేవి ఆల్ఫా పైనీన్, లిమోనీన్ లాంటి తేలిక పదార్థాలు, మంచి వాసనవి. బోస్వెల్లిక్ ఆమ్లం అణుభారం 456. అది ఆవిరితో లేవదు, అడుగున మడ్డిలోనే ఉండిపోతుంది. రాసుకోండి, వాసన చూడండి, కాదనను. క్యాప్సూల్ ట్రయల్స్‌ని మాత్రం నూనె ఖాతాలో వేయకండి.

పొగ సంగతీ అంతే. జిగురులోని ఇన్సెన్సోల్ ఎసిటేట్ ఎలుకల్లో ఆందోళన తగ్గించిందని 2008లో వచ్చింది, నిజమే. కానీ అది విడిగా తీసి శుద్ధి చేసిన పదార్థం, గదినిండా కమ్మిన పొగ కాదు. 1998లో 40 మంది ఆస్తమా రోగులకి ఇదే జిగురు 300 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఆరు వారాలు ఇస్తే నూటికి 70 మందికి మెరుగైంది, ఉత్తి మాత్రతో నూటికి 27 మందికే. మింగితే సంగతి అది. అదే ఆస్తమావాళ్లు పొగ పీలిస్తే దగ్గు మొదలు!

వార్ఫరిన్ వాళ్లబ్బాయి:
మధ్యలో వస్తున్నా. మా అమ్మ గుండె కవాటానికి రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంది. మూలిక కదా ఏమవుతుందిలే అని ఈ క్యాప్సూల్స్ మొదలుపెట్టింది. మూడో వారం చిగుళ్ల నుంచి రక్తం. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ చూస్తే ఐదు దాటింది. క్యాప్సూల్ వల్లేనని ఒట్టేసి చెప్పలేను గానీ, ఆపాక దిగింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకండి.

తాళపత్రం:
ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. మోకాటిచిప్ప గారూ, వాడితే కొవ్వున్న భోజనంతో వేసుకోండి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటపట్టదు.

మోకాటిచిప్ప:
అసలు సంగతి చెప్పలేదు. రెండు నెలలుగా డబ్బాలోని ముక్కలే రోజూ చప్పరిస్తున్నాను. డబ్బా మీద లోబాన్ అని ఉంది.

పరీక్షనాళిక:
ఆ పేరుతోనే చిక్కు. అరబ్బీలో లుబాన్ అంటే పరంగి సాంబ్రాణి, లుబాన్ జావీ అంటే బెంజోయిన్. అది వేరే చెట్టుది, బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉండవు. ఓ ముక్క నీళ్లతో నూరండి. అసలుదైతే పాలలా తెల్లబడుతుంది. నమిలితే ముందు పొడిపొడి అయి, తర్వాత పళ్లకి బంకలా అతుక్కుంటుంది.

మోకాటిచిప్ప:
ఇప్పుడే నూరాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, అడుగున ఇసకలా పొడి. వెనిల్లా వాసనొస్తోంది.

తాళపత్రం:
బెంజోయినే. చప్పరించడం ఆపండి బాబూ.