విండోస్ 10 నుంచి 11కి: ఉన్నదాని మీదే అప్‌గ్రేడా, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయడమా?

డీటీపీ షాపు:
మా షాపులో ఉన్నది ఒకటే సిస్టమ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, 11కి మారాలి. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో జనరేషన్, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉంది, కాబట్టి అడ్డేమీ లేదు. సర్వీస్ చేసే అబ్బాయి "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, ఫ్రెష్‌గా ఉంటుంది" అంటున్నాడు. నాకేమో టెన్షన్. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు టైప్ చేసే అను ఫాంట్లు, ఇన్నేళ్ల పెళ్లిపత్రికలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

కంప్యూటర్ సర్వీస్:
ఫార్మాటే చేయించండి. ఏళ్లుగా వాడిన విండోస్ మీద కొత్తది ఎక్కిస్తే పాత చెత్తంతా వెంట వస్తుంది. ఎప్పుడో తీసేసిన యాంటీవైరస్ ముక్కలు, ఇప్పుడు లేని ప్రింటర్ డ్రైవర్లు, ఆన్ చేయగానే లేచే పది ప్రోగ్రాములు. అప్‌గ్రేడ్ చేయించుకున్నవాళ్లే నెల తిరక్కుండా "స్లో అయింది" అని మళ్లీ నా దగ్గరికి తెస్తారు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే గంట పని. లైసెన్స్ గురించి భయపడొద్దు. అసలు లైసెన్స్‌తో ఆ మెషీన్‌లో ఒకసారి యాక్టివేట్ అయి ఉంటే, నెట్ తగలగానే మళ్లీ అదే యాక్టివేట్ అవుతుంది.

అకౌంట్స్ పని:
గంటలో ఎక్కేది విండోస్ మాత్రమే అన్నా. షాపు మళ్లీ పనిలో పడటానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పాలి.

మా ఆఫీసులో జరిగింది చెబుతాను. ఫార్మాట్‌కి ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డి డ్రైవ్ అన్నీ కాపీ చేశారు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా మాత్రం సి డ్రైవ్‌లో, ట్యాలీ ఫోల్డర్ లోపలే ఉంది. అటువైపు ఎవరూ చూడలేదు. ట్యాలీ లైసెన్స్‌ని ముందుగా సరెండర్ చేయాలన్న (ఆ మెషీన్ నుంచి విడిపించాలన్న) సంగతీ ఎవరికీ తట్టలేదు. జీఎస్టీ రిటర్న్ గడువు ముందు పెట్టుకుని నాలుగు నెలల వోచర్లు బిల్లులు చూసి మళ్లీ కొట్టాం. ఆ కష్టం ఇంకెవరికీ రాకూడదనే రాస్తున్నాను.

మీ విషయంలో ఆ ట్యాలీ ఫోల్డర్ లాంటిది ఫాంట్లే. అవి విండోస్ ఫోల్డర్ లోపల ఉంటాయి, బ్యాకప్ తీసేటప్పుడు అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. అను ఫాంట్ లేని సిస్టమ్‌లో ఆ పత్రిక తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అవి అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి వేరే తెలుగు ఫాంట్ పెట్టినా చదవలేం. అప్‌గ్రేడ్ చేస్తే ఇవన్నీ ఉన్నచోటే ఉంటాయి. నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోంచి పాత విండోస్‌కి వెనక్కి వెళ్లొచ్చు. ఫార్మాట్ కొట్టాక వెనక్కి వెళ్లే దారి లేదు.

వైరస్ పట్టినా, నీలం స్క్రీన్ మాటిమాటికీ వస్తున్నా అప్పుడు ఫార్మాటే, నేనూ ఒప్పుకుంటాను. బాగా నడుస్తున్న మెషీన్‌కి ఎందుకు?

కంప్యూటర్ సర్వీస్:
ఫాంట్ల మాట నిజం, నేను అది రాయాల్సింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డ్రైవ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకే వెళ్తుంది. కాబట్టి ఎవరు వేసినా మీ అకౌంట్‌తోనే వేయించండి, సర్వీస్ అబ్బాయి అకౌంట్‌తో వద్దు. రేపు ఆ కీ అడిగితే అతని కోసం వెతుక్కోవాలి.

ఇంతకీ లోపల ఉన్నది హార్డ్‌డిస్కా, అంతకంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీనా?

డీటీపీ షాపు:
హార్డ్‌డిస్కే అన్నా, 1 టీబీ.

కంప్యూటర్ సర్వీస్:
అయితే స్లో అవడానికి సగం కారణం అదే. ఎస్‌ఎస్‌డీ కొనండి. దాంట్లో నేనైతే కొత్తగానే వేస్తాను, పాత డిస్క్ ముట్టుకోను.

అకౌంట్స్ పని:
నేనైతే పాత డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ తీసి), దాని మీద అప్‌గ్రేడ్ చేస్తాను. పాత డిస్క్ ముట్టుకోకూడదన్న దాంట్లో ఇద్దరిదీ ఒకటే మాట.

డీటీపీ షాపు:
క్లోనే చేయిస్తాను. ఆదివారం షాపు మూసేశాక పని మొదలుపెడతాం. పాత డిస్క్ కవర్‌లో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెడతాను. ఫాంట్ల ఫోల్డర్ ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.