బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకు: డిస్కులు మార్చాలా?

ప్రశ్న: ఫోర్ వీల్ డ్రైవ్ బండి, ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు). 80 స్పీడులో బ్రేక్ నొక్కితే స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. మామూలుగా పోతుంటే ఏమీ లేదు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను, ప్యాడ్లు కొత్తవి. డిస్కులు మార్చేయమంటారా?

జవాబు 1: అప్పుడే వద్దండీ. ముందు కొలవండి. చక్రం విప్పి, డిస్కును నట్లతో హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగానికి) బిగించి, అంచుకు 10 మి.మీ. లోపల డయల్ గేజ్ (సన్నటి కదలికను చూపే ముల్లు మీటరు) ఆనించి తిప్పండి. ఊగు 0.1 మి.మీ. దాటితే ఎక్కువే, 0.05 లోపు ఉంటే మంచిది. తర్వాత మైక్రోమీటర్‌తో 8 చోట్ల మందం చూడండి. 0.02 మి.మీ. తేడా ఉన్నా చేతికి తెలిసిపోతుంది. డిస్కు వంగిందని అందరూ అంటారు గానీ, చాలాసార్లు అసలు దోషం ఈ మందం తేడాయే.

జవాబు 2: హబ్ ముఖం మరిచిపోకండి. అక్కడ ఆవగింజంత తుప్పు పొక్కున్నా కొత్త డిస్కు కూడా ఊగుతుంది, కొన్నాళ్లకు వణుకు మళ్లీ మొదలు. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమండి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పిన్నులు చేత్తో నెడితే జరగాలి. వీల్ నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తోనే (బిగువు కొలిచే పానా) బిగించాలి.

ప్రశ్న అడిగినవారు: కొలిచాను. ఊగు 0.03, మందం అంతటా సమానం.

జవాబు 1: అయితే డిస్కుల జోలికి పోవద్దు. చక్రాలు నేల మీదే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ) చివర్లు గమనించండి. బ్రాకెట్‌లో బోల్టు కదిలితే దొరికినట్టే. లేదంటే జాకీ, స్టాండు పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. వదులు కదలిక ఉండి, బ్రేక్ నొక్కగానే అది పోతే దోషం వీల్ బేరింగ్‌ది, పోకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం మళ్లే పిన్ను) బేరింగ్‌ది.