కారవాన్‌తో కూబర్ పీడీ: మొదటిసారి లాగేవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న

అడిలైడ్‌లో ఉంటాం. జులై స్కూలు సెలవుల్లో, ఎడారిలో గనుల ఊరు కూబర్ పీడీకి వెళ్లాలని ప్లాన్. మా ప్రాడో కారుకి అద్దె కారవాన్ (వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు, వ్యాన్ అని కూడా అంటారు) తగిలించుకుని పోదామని నేను, హాయిగా మోటెల్ బుక్ చేయమని మా ఆవిడ. పిల్లలు ఇద్దరు (8, 5), ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న కూడా ఉంటారు. కారవాన్ ఎప్పుడూ లాగలేదు. మ్యాప్‌లో చూస్తే 850 కి.మీ. లోపే, మొత్తం తారు రోడ్డే, స్కేలు పెట్టి గీసినట్టుంది. ఒక్క రోజులో కొట్టేయలేమా? అక్కడ ఒపల్ (రంగురంగులుగా మెరిసే రత్నం) గనులు పిల్లలకి దగ్గర నుంచి చూపించాలని ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జవాబు 1

ఒక్క రోజులో మాత్రం వద్దండీ. జులై అంటే ఇక్కడ చలికాలం, ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, సరిగ్గా ఆ వేళకే కంగారూలు రోడ్డెక్కుతాయి, వెనక రెండు టన్నులు తగిలించుకున్న బండి అనుకున్నచోట ఆగదు. మొదటి రాత్రి పోర్ట్ ఆగస్టాలో పడుకోండి. అక్కడి నుంచి ఇంకో 540 కి.మీ. పింబాలో ఒకసారి, గ్లెన్‌డాంబోలో ఒకసారి డీజిల్ కొట్టించుకోవాలి, ట్యాంకు సగం ఉన్నా సరే, ఎందుకంటే గ్లెన్‌డాంబో దాటాక దాదాపు 250 కి.మీ. ఏమీ ఉండదు. మా ప్రాడో మామూలుగా 100 కి.మీ.కి 9 లీటర్లు తాగేది, వ్యాన్ తగిలిస్తే 17 దాకా పోయింది, అదీ ఎదురుగాలి లేని రోజున.

దారిలో లేక్ హార్ట్ దగ్గర ఆగండి, తెల్లగా మెరిసే ఉప్పు సరస్సు, పక్కనే రైలు పట్టాలు. అన్నట్టు ఆ హైవే చాలా దూరం వూమెరా నిషిద్ధ ప్రాంతంలోంచి పోతుంది, రాకెట్లు, ఆయుధాలు పరీక్షించే చోటు. రోడ్డు మీద వెళ్లడానికి ఇబ్బంది లేదు, కానీ బాగుంది కదా అని పక్క మట్టిదారిలోకి తిప్పారో, పర్మిట్ ఉండాలి.

జవాబు 2

నా గొడవ కూడా వినండి. పోయినసారి అద్దె వ్యాన్ టైరు గ్లెన్‌డాంబో దాటాక పేలింది. స్పేర్ తీస్తే అందులో గాలి లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆగిన ఒక పెద్దాయన దగ్గర చిన్న కంప్రెసర్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి అక్కడే. అద్దెకిచ్చినవాళ్లని అడిగితే "చెక్ చేసుకోవాల్సింది మీరే" అన్నారు. అప్పుడు ఒళ్లు మండింది కానీ, నిజమే, చూసుకోవాల్సింది నేనే. బండి తీసుకునేటప్పుడే స్పేర్‌లో గాలి చూడండి, జాక్ వ్యాన్ కిందికి సరిపోతుందో లేదో అక్కడే పెట్టి చూడండి.

ఇంకోటి, ఆరుగురు మనుషులు అంటున్నారు. మనుషులు, సామాను, ట్యాంకులో నీళ్లు, టో బాల్ (కారు వెనక వ్యాన్ తగిలించే ఇనుప గుండు) మీద పడే బరువు, అన్నీ లెక్కలోకి వస్తాయి. లోడుతో వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) ఎక్కించండి. బాల్ మీద బరువు వ్యాన్ మొత్తం బరువులో పదోవంతు దగ్గర ఉండాలి, వెనకవైపు బరువెక్కువైతే వ్యాన్ తోక ఊపుతుంది. ఊపినప్పుడు కంగారుపడి కారు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, చేతి దగ్గరున్న కంట్రోలర్‌తో వ్యాన్ బ్రేకు మాత్రమే వేయాలి. బయల్దేరే ముందే ఒక ఖాళీ రోడ్డు మీద ఆ మీట ఎక్కడుందో చేతికి అలవాటు చేసుకోండి.

జవాబు 3

నేను మీ ఆవిడ పార్టీ. కూబర్ పీడీ దాకా వెళ్లి భూమిలో పడుకోకపోతే ఎలా అండీ? అక్కడి ఇళ్లు గుట్టల్లోకి తొలిచినవి, ఏడాదంతా లోపల 23-25 డిగ్రీలే. జులై రాత్రి వ్యాన్‌లో పెద్దవాళ్లకి చలి.

పిల్లల గురించి సీరియస్‌గా చెప్తున్నా. 1915లో పద్నాలుగేళ్ల కుర్రాడికి ఒపల్ దొరికినప్పటి నుంచి తవ్వుతూనే ఉన్నారు, మూయని గుంతలు ఊరి చుట్టూ వేలల్లో ఉన్నాయి. మీటరు వెడల్పు, నిట్టనిలువు, చుట్టూ గోడ ఉండదు. ఫోటో కోసం వెనక్కి నడవొద్దని బోర్డులే ఉంటాయి. గనులు తవ్వే చోట్లకి సొంతంగా వెళ్లకండి, టూర్‌లో వెళ్లండి. మట్టికుప్పల్లో ఒపల్ ముక్కలు ఏరడాన్ని అక్కడ నూడ్లింగ్ అంటారు, దానికి ఊళ్లోనే జనం కోసం వదిలిన చోటుంది, మా అమ్మాయి మూడు గంటలు అక్కడి నుంచి లేవలేదు. ఎవరి క్లెయిమ్‌లోనైనా (తవ్వుకునే హక్కున్న స్థలంలో) అడక్కుండా ఏరితే మాత్రం మర్యాద దక్కదు.

ప్రశ్న అడిగినవారు

థాంక్సండీ అందరికీ. అమ్మానాన్నలకి రెండు రాత్రులు భూగర్భ గది బుక్ చేశా, మేం నలుగురం వ్యాన్‌లో. ఇంట్లో గొడవ తీరింది. పింబా దగ్గర ఇంకో రాత్రి కూడా ఆగుతున్నాం. రోడ్ ట్రెయిన్లు (వరసగా ట్రెయిలర్లు తగిలించిన పెద్ద ట్రక్కులు) దాటేటప్పుడు ఏం చేయాలి?

జవాబు 1

53 మీటర్ల పొడవు దాకా ఉంటాయవి. ఎదురొస్తే ముందు గాలి నెట్టినట్టు, తర్వాత లాగినట్టు ఉంటుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి చాలు. వెనక నుంచి దాటుతుంటే మీ లైన్‌లో నిలకడగా పోండి, కంకరలోకి దిగొద్దు. యూహెచ్ఎఫ్ రేడియో (బండ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది) ఒకటి కొనుక్కోండి, 40వ ఛానెల్ ట్రక్కులవాళ్లు వాడేది, 18వది కారవాన్లవాళ్లది. 5, 35 ఛానెళ్లు ఎమర్జెన్సీకి తప్ప ముట్టుకోకూడదు, కాబట్టి మీ ఐదేళ్లవాడి చేతికి మాత్రం ఇవ్వకండి.