కపోసీ సార్కోమాలో రక్తనాళాలను పెంచేది హెచ్‌ఐవీ సోకిన కణాలా, తగ్గిన రోగనిరోధక శక్తా?

వేకువ:
హెచ్‌ఐవీ ఉన్నవారిలో కపోసీ సార్కోమా (చర్మంపై, నోటిలో మచ్చలుగా కనిపించే రక్తనాళాల క్యాన్సర్) పెరగడానికి రోగనిరోధక శక్తి తగ్గడం ఒక్కటే కారణమా, లేక హెచ్‌ఐవీ సోకిన టీ కణాలే (రోగనిరోధక తెల్లరక్తకణాలే) కణితిని స్వయంగా ఎగదోస్తున్నాయా? సోకిన కణాల నుంచి బయటికి వచ్చే టాట్ ప్రోటీన్ కపోసీ కణాల పెరుగుదలను ప్రేరేపిస్తుందని 1990లోనే చూపారు. రక్తనాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాలపై ఉండే ఇంటిగ్రిన్లనే అతుకు ప్రోటీన్లకూ, కొత్త రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రోటీన్ గ్రాహకానికీ అది అతుక్కుంటుందని ఆ తర్వాత తేలింది. ఇంత తెలిసి కూడా వైద్యులు "హెచ్‌ఐవీ మాత్రలు వేసుకోండి, సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) పెరిగితే అదే తగ్గుతుంది" అని ఎందుకు సరిపెడుతున్నారు?

సూక్ష్మదర్శిని:
వేకువ గారూ, మీరు అసలు కారకాన్ని వదిలేసి సహాయక పాత్రను పట్టుకున్నారు. ఈ కణితికి కేఎస్‌హెచ్‌వీ అనే హెర్పిస్ వైరస్ తప్పనిసరి. దాన్ని 1994లో గుర్తించారు. ఆ వైరస్ జన్యువుల్లో ఉన్న ఒక గ్రాహకమే వీఈజీఎఫ్ ఉత్పత్తిని పెంచుతుందని 1998లో చూపారు కాబట్టి, కొత్త నాళాలు పుట్టించడానికి దానికి టాట్ సాయం అక్కరలేదు. మచ్చ నుంచి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే కదురు ఆకారపు కణాల మధ్య సన్నని చీలికల్లాంటి ఖాళీలు, వాటిలోకి కారిన ఎర్ర రక్తకణాలు కనిపిస్తాయి. మచ్చకు ఊదా రంగు రావడానికీ, వేలితో నొక్కినా ఆ రంగు పోకపోవడానికీ కారణం అదే. హెచ్‌ఐవీ లేకున్నా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడే కిడ్నీ మార్పిడి రోగిలోనూ సరిగ్గా ఇదే దృశ్యం ఉంటుంది. అక్కడ టాట్ ఎక్కడిది?

చదువరి:
కపోసీ ఈ జబ్బును వర్ణించింది 1872లో. అప్పటికి హెచ్‌ఐవీ ఊసే లేదు.

వేకువ:
హెచ్‌ఐవీ లేకుండా కపోసీ రాదని నేను ఎక్కడా అనలేదు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది అంత ఉధృతంగా ఎందుకు ఉంటుందని అడుగుతున్నాను. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో హెచ్‌ఐవీ-1 ఉన్నవారిలోనూ హెచ్‌ఐవీ-2 అనే మరో రకం ఉన్నవారిలోనూ కేఎస్‌హెచ్‌వీ విస్తృతంగానే ఉన్నా, కపోసీ మాత్రం హెచ్‌ఐవీ-2 ఉన్నవారిలో తక్కువని 1998లో ప్రచురించారు. సోకిన కణాల పాత్ర ఏమీ లేకపోతే ఈ తేడా ఎలా వచ్చింది?

సూక్ష్మదర్శిని:
హెచ్‌ఐవీ-2లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) తక్కువ, రోగనిరోధక శక్తి క్షీణించడమూ నెమ్మదే. ఆ తేడాను టాట్ ఖాతాలో ఒక్కదానిలోనే వేయలేము. మార్పిడి రోగుల గురించి నేను అడిగినదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

నడుమవాడు:
ఆ జవాబు నేను చెబుతాను, కానీ అది ఇద్దరికీ నచ్చదు. కిడ్నీ మార్పిడి తర్వాత చర్మంపై కపోసీ వచ్చిన 15 మందికి రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ మందును ఆపి సిరోలిమస్ ఇచ్చినప్పుడు మూడు నెలల్లో మచ్చలన్నీ పోయాయని 2005లో ప్రచురితమైంది. సిరోలిమస్ కూడా రోగనిరోధక శక్తిని అణచే మందే, అయినా అది వీఈజీఎఫ్‌ను తగ్గిస్తుంది. కాబట్టి "శక్తి తగ్గింది, కణితి వచ్చింది" అన్న లెక్క అంత సూటిగా లేదు. అలాగని ఇది టాట్‌కు రుజువూ కాదు, ఎందుకంటే వీరిలో హెచ్‌ఐవీయే లేదు.

సూక్ష్మదర్శిని:
సైక్లోస్పోరిన్ ఆపడమే సగం వైద్యమని ఎందుకు అనుకోకూడదు? పైగా ఏఆర్‌టీని (హెచ్‌ఐవీని అణచే మాత్రలను) వెంటనే మొదలుపెట్టడమా, ఆలస్యం చేయడమా అన్నది తేల్చిన స్టార్ట్ అధ్యయనం (2015) చూడండి. ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో 11 మందికి కపోసీ వచ్చింది, వెంటనే మొదలుపెట్టినవారిలో ఒక్కరికే వచ్చింది.

వేకువ:
ఆ లెక్క నా వాదననే బలపరుస్తోంది. మాత్రలతో శక్తీ పెరుగుతుంది, సోకే కణాలూ తగ్గుతాయి. కణితిని ఆపింది ఆ రెంటిలో ఏదో మీకెలా తెలుసు? అప్పటికే సోకిన కణం టాట్ తయారు చేయడాన్ని ఏఆర్‌టీ నేరుగా ఆపదు కదా. మా తమ్ముడికి మాత్రలు మొదలుపెట్టాక మచ్చలు తగ్గలేదు సరికదా, నోటి లోపల కొత్తవి వచ్చాయి. ఆసుపత్రిలో మమ్మల్ని ఎవరూ ముందుగా హెచ్చరించలేదు. తర్వాత అడిగితే "సరిగ్గా వేసుకుంటున్నాడా?" అని వాడినే అనుమానించారు.

సూక్ష్మదర్శిని:
రోగనిరోధక శక్తి పుంజుకునే దశలో కపోసీ విజృంభించడం అందరికీ తెలిసిన విషయమే. దాన్ని టాట్‌కు అంటగట్టడం శాస్త్రం కాదు, కోపం.

వేకువ:
అందరికీ తెలిసిన విషయమైతే మాకు ఎందుకు చెప్పలేదు? మీరు కణాల గురించి గంటసేపు చెబుతారు, రోగి ఇంట్లో వాళ్లకు ఒక్క వాక్యం చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు.

చదువరి:
ఇక్కడ తగువు టాట్ గురించి కాదని నాకిప్పుడు అర్థమైంది.

సూక్ష్మదర్శిని:
మీకు ముందుగా చెప్పవలసింది, అందులో వాదన లేదు. కానీ నా భయం కూడా వినండి. "మాత్రలు అసలు దోషిని ముట్టుకోవు" అన్న వాక్యాన్ని ఇలాంటి చర్చలోనే చదివి, ఏఆర్‌టీ మానేసి, కొత్త నాళాలు పుట్టకుండా అడ్డుకునే ఇంజెక్షన్ కోసం తిరిగిన మనిషి నాకు తెలుసు. ఆయన కోలుకోలేదు. నేను ఇంత మొండిగా రాస్తున్నది అందుకే. ఆ ఇంజెక్షన్ అయిన బెవసిజుమాబ్‌ను హెచ్‌ఐవీ-కపోసీలో పరీక్షించిన చిన్న అధ్యయనంలో (2012) కణితి తగ్గింది 31 శాతం మందిలోనే. వ్యాధి విస్తరిస్తే ఏఆర్‌టీతో పాటు లైపోసోమల్ డాక్సోరూబిసిన్ అనే కీమోథెరపీ మందు ఇస్తారు. విజృంభణను అణచాలని స్టెరాయిడ్లు ఇస్తే కపోసీ ఇంకా ముదరవచ్చు. మీ తమ్ముడి వైద్యుణ్ణి ఈ రెండు విషయాలూ తప్పక అడగండి.

వేకువ:
మాత్రలు మానమని నేను అనలేదు, వాడు మానడు కూడా. మరి 2020లో అమెరికాలో కపోసీకి అనుమతి పొందిన పొమాలిడోమైడ్ మాటేమిటి? అది నాళాలను అడ్డుకుంటుంది కదా?

నడుమవాడు:
అడ్డుకుంటుంది, దానితో పాటు టీ కణాలనూ ఉత్తేజపరుస్తుంది. మీ ఇద్దరిలో ఎవరైనా దాన్ని తమ సాక్షిగా పిలుచుకోవచ్చు.

సూక్ష్మదర్శిని:
టాట్‌ను మాత్రమే అడ్డుకునే మందు కపోసీని తగ్గించిందని చూపండి, ఒప్పుకుంటాను.

వేకువ:
టాట్ తగ్గకుండా శక్తి మాత్రమే పెరిగిన రోగిని మీరు చూపండి.